రాష్ట్రం దాటి వచ్చిన కాగితం

“అత్తయ్యా, ఆ అట్లకాడ ఇటివ్వండి!”

అత్తగారు వినిపించుకోలేదు. వీధి తలుపు ముందు ముక్కాలిపీట వేసుకుని దాని మీదికెక్కింది. ఎడంచేత్తో తలుపు గడియ పట్టుకుని, కుడిచేత్తో అట్లకాడ పెట్టి కాగితాన్ని గీకుతోంది. కింద చెంబులో వేడినీళ్ళు పొగలు కక్కుతున్నాయి. కాగితం పైమూల అప్పటికే తడిసి ఊడి వేలాడుతోంది.

“అది పీకితే నేరమట అత్తయ్యా. నిన్న అంటించేటప్పుడే కోర్టు అమీనా చెప్పి వెళ్ళాడు కదా.”

“నేరమైతే నన్ను పట్టుకుపోనీ. డెబ్భై దాటినదాన్ని లోపలేసి ఏం చేసుకుంటారో నేనూ చూస్తాను. స్కూలు వాళ్ళతో ఊళ్ళు చూడ్డానికెళ్ళిన పిల్ల సాయంత్రానికి వచ్చేస్తుంది. వస్తూనే దీన్ని చదవాలా?”

“అది చదవకపోతే ఎదురింటివాళ్ళు చదివి వినిపిస్తారు.”

ఆ మాటతో అత్తగారి చెయ్యి ఆగింది. వీధివైపు తిరిగి చూసింది. ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పటి వెనక రెండు తలలు చటుక్కున వంగాయి.

పళ్ళక్క అత్తగారి నడుం పట్టుకుని మెల్లగా కిందికి దించింది. వీధంతా ఆమెను పళ్ళక్క అనే పిలుస్తారు. ముందుగదిలో కూర్చుని పళ్ళసెట్లు తయారుచేసే మనిషికి ఇంకే పేరూ అతకలేదు. ఊడిన మూలను ఆమె అరచేత్తో తలుపుకు అదిమింది. అదుముతుంటే, నిన్నటి నుంచి ఎన్నోసారో, ఆ అక్షరాలు మళ్ళీ కళ్ళబడ్డాయి.

పక్క రాష్ట్రంలో ఏదో కోర్టు. రెండేళ్ళ కిందటి తీర్పు. అమలు జరపడానికి ఈ ఊరి కోర్టుకు బదిలీ. ప్రతివాది అన్నచోట తన భర్త పేరు, తండ్రి పేరుతో సహా. సదరు ప్రతివాది ఈ దిగువ ఆస్తిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, దానమివ్వరాదు.

దిగువ ఆస్తి అంటే ఈ ఇల్లే. తూర్పున వీధి, పడమట రేకుల షెడ్డు, దక్షిణాన ఖాళీ స్థలం. తమ ఇంటి హద్దులు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు అంత పొల్లుపోకుండా రాయడం చూస్తే ఆమెకు వీపు మీద పురుగు పాకినట్టయింది.

“వాడు ఏం చేస్తున్నాడు?” అంది అత్తగారు, గొంతు తగ్గించి.

“మోటారు విప్పుతున్నాడు.”

“మళ్ళీనా?”

భర్త ముందుగదిలో, ఆమె అచ్చుల బల్ల పక్కనే కింద కూర్చుని ఉన్నాడు. నీళ్ళ మోటార్లు బాగుచేయడం అతని పని. ఎవరిదో మోటారును పొద్దున్నుంచి మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు బిగించాడు. దానికున్న రోగం ఏమిటో ఆ మోటారుకీ తెలియదు, అతనికీ తెలియదు.

“పొద్దున్నుంచి ఏమీ తినలేదు మీరు.”

“ఆకలి లేదు.”

“నిన్న కూడా లేదు.” ఆమె తన స్టూలు లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. “ఎవరావిడ?”

స్క్రూడ్రైవరు ఆగింది.

“కాగితంలో డిక్రీదారు, అంటే కేసు గెలిచిన మనిషి, అని ఒకావిడ పేరుంది. నిన్నటి నుంచి అడుగుతున్నాను. మీరు నోరు విప్పకపోతే నా బుర్ర ఎక్కడెక్కడికో పోతోంది. నన్ను చేసుకోకముందే మీకు పెళ్ళయిందా?”

“ఛ! అవేం మాటలు?”

ఆమె ఊపిరి పీల్చుకుంది. అంత భయంలోనూ ఆ ఒక్క ముక్కకి ప్రాణం కాస్త కుదుటపడినందుకు తన మీద తనకే సిగ్గేసింది.

“మరి?”

అతను నేలమీద దొర్లిన మరమేకును ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. పక్క రాష్ట్రంలో నాలుగేళ్ళు లిఫ్టుల పని చేసిన మనిషి. అయిదేళ్ళ కిందట ఒకరోజు చెప్పాపెట్టకుండా పెట్టెతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. భాగస్తుడు మోసం చేశాడన్నాడు. అంతకుమించి ఆమె అడగలేదు. అడిగి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.

“అక్కడ నేను చూడాల్సిన లిఫ్టులు ఇరవైమూడు,” అన్నాడు. “ప్రతినెలా వెళ్ళి చూడాలి. చూసినట్టు అక్కడి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ నెల... ఒకదాన్ని చూడకుండానే పెట్టేశాను.”

“సంతకం?”

“ఊఁ.”

“తరవాత?”

“నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. లిఫ్టు పైనే ఆగిపోయి ఉంది. ఆ అమ్మాయి ఫోన్లో మాట్లాడుకుంటూ... వచ్చిందనుకుని లోపలికి అడుగేసింది.”

వంటింట్లో గిన్నె ఒకటి కింద పడి గిరగిరా తిరిగింది. అత్తగారు గోడవార నిలబడి వింటోందని ఇద్దరికీ అర్థమైంది.

“పోయిందా?” అంది పళ్ళక్క.

“లేదు. బతికింది. నడుం కింద నుంచి...” అరచేత్తో తొడమీద అడ్డంగా గీత గీసినట్టు చూపించాడు.

“కోర్టు నుంచి మీకేమీ రాలేదా?”

“వచ్చాయి. రెండుసార్లు.”

“వెళ్ళలేదా?”

“భయమేసింది. వెళ్ళి నిలబడితే ఆ అమ్మాయిని చూడాలి కదా.” తల ఎత్తకుండానే అన్నాడు. “రాష్ట్రం దాటొచ్చేశాను. ఆ కోర్టు వేరు, ఈ కోర్టు వేరు. వాళ్ళ తీర్పు వాళ్ళ దగ్గరే పడుంటుందిలే అనుకున్నాను.”

“ఇల్లు మీ పేరున రాయిద్దామని నేనన్నప్పుడైనా చెప్పొచ్చుగా.”

అతను ఆమెవైపు చూశాడు. “అప్పుడు నువ్వెంత సంతోషంగా ఉన్నావో నీకు తెలీదు.”

నిజమే. తల దించుకుని తిరుగుతున్న మనిషి ఇల్లు తన పేరున ఉంటే కాస్త తలెత్తుకుంటాడని తనే అనుకుంది. పదేళ్ళపాటు మైనమూ ప్లాస్టరూ పిసికిన చేతులతో కొన్న ఇల్లు. రిజిస్ట్రేషన్ రోజున అతని చేత వేలిముద్ర వేయించి, ఆ వేలికంటిన సిరాను తన కొంగుతో తనే తుడిచింది.

వీధిలో స్కూటరు ఆగిన చప్పుడైంది.

బావగారు వచ్చాడు. భర్తకు అన్న. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాసే మనిషి. లోపలికొస్తూనే వీధి తలుపు మూసి గడియ పెట్టాడు.

“ఏరా, మోటారు తేలిందా? లేకపోతే నీ మొహానికి కూడా రాగితీగ చుట్ట మార్చాలా?” అన్నాడు తమ్ముడితో. ఎవరూ నవ్వలేదు. తన జోకుకి తనే తల ఊపుకుని సంచీలోంచి కాగితాలు తీశాడు. “సరే, పని చూద్దాం. మూడింటికి అమీనా మళ్ళీ వస్తున్నాడు. ఇల్లు కొలుచుకుంటాడు. వేలానికి విలువ కట్టాలి కదా. అవతలివాళ్ళ మనిషి కూడా ఆస్తి చూపించడానికి వెంట వస్తున్నాడట. ఇందాక కోర్టులో గుమాస్తా చెప్పాడు.”

“వేలమా?” అత్తగారు వంటింటి గుమ్మానికి జారగిలబడింది.

“కంగారు పడకమ్మా. నేనున్నానుగా.”

“నాకు ఒక్కటి అర్థం కావట్లేదు బావగారూ,” అంది పళ్ళక్క. “ఈ ఊళ్ళో ఈయనకు ఇల్లుందని వాళ్ళకెలా తెలిసింది? రాష్ట్రం కాని రాష్ట్రం.”

“అదే నేనూ ఆలోచిస్తున్నాను. పేరొక్కటి పట్టుకుని ఆఫీసులో వెతికితే ఏడాదైనా దొరకదు. హద్దులు, కొన్న సంవత్సరం, అప్పులేమీ లేవన్న సంగతి, అన్నీ రాశారు. ఇంట్లోవాళ్ళే ఎవరో నోరు జారారు.” కళ్ళద్దాల పైనుంచి ఒక్కొక్కరినీ చూశాడు.

“నన్ను చూస్తావేంట్రా? నేను గుమ్మం దాటి ఎన్నాళ్ళయింది?” అంది అత్తగారు. “ఆ ఎదురింటిదే అయ్యుంటుంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు.”

“ఎవరైతేనేం, చేయాల్సింది చేశారు. ఇప్పుడు మనం చేయాల్సింది ఇదీ.” స్టాంపు పేపర్లు రెండు అచ్చుల బల్ల మీద పరిచాడు. కింద ప్లాస్టర్ పొడి ఉంటే ఊదాడు. “మూడేళ్ళ కిందటి పేపరు. దీన్ని సంపాదించేసరికి నా తాతలు దిగొచ్చారు. మా తమ్ముడు ఈ ఇంటిని అప్పుడే నీకు రాసిచ్చేశాడమ్మాయ్. అంటే తీర్పుకి ముందే. ఇల్లు వాడిది కాదు, నీది. వాడి మీది తీర్పు నీ ఇంటి మీద ఎలా నడుస్తుంది? రిజిస్టరు కాకపోయినా, దీన్ని చూపించి నువ్వు కోర్టులో క్లెయిము వేస్తావు. జప్తు ఎత్తేస్తారు.”

పళ్ళక్క ఆ పేపరువైపు చూసింది. అప్పటికే ఇద్దరు సాక్షుల సంతకాలున్నాయి. భర్త సంతకం కూడా ఉంది. ఎప్పుడు పెట్టాడు?

“అన్నయ్య పొద్దున్నే వచ్చి పెట్టించుకెళ్ళాడు,” అన్నాడు భర్త, ఆమె అడక్కముందే.

“ఇది అబద్ధం కదా బావగారూ.”

“ఏది అబద్ధం? ఇల్లు నీ కష్టార్జితం కాదూ?”

“నాదే.”

“కొన్నది నువ్వు కాదూ?”

“నేనే.”

“మరింకేమిటి? తేదీ ఒక్కటే అబద్ధం.”

“కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలా?”

“నాలుగు ముక్కలు. నేను నేర్పిస్తాను.”

“తేలిపోతే?”

బావగారు పెన్ను మూత తీశాడు. అత్తగారు గబగబా వచ్చి కోడలి పక్కన నిలబడింది. “పెట్టవే అమ్మా. పిల్లను పట్టుకుని ఎక్కడికిపోతాం? నీ మిషన్లు, నీ అచ్చులు, ఇవన్నీ ఎక్కడ పెట్టుకుంటావు?”

పళ్ళక్క భర్తవైపు తిరిగింది. “మీరు చెప్పండి. పెట్టమంటారా?”

అతను మోటారు మీది తుప్పును బొటనవేలితో రుద్దుతున్నాడు. “నీ ఇష్టం.”

నలుగురి భోజనాలు ఎలా జరగాలన్నా, పిల్లను ఏ బళ్ళో వేయాలన్నా, ఎప్పుడూ ఇదే మాట. ఇన్నాళ్ళూ అది మంచితనం అనుకుంది. ఆమెకు ఏడవాలనిపించలేదు, అరవాలనీ అనిపించలేదు. పాప గుర్తొచ్చింది. సాయంత్రం బస్సు దిగి, సంచీ ఈడ్చుకుంటూ ఈ గుమ్మంలోకే రావాలి.

పెన్ను తీసుకుంది. సంతకం పెట్టింది. బావగారు వేలితో చూపించిన చోట, మూడేళ్ళ కిందటి తేదీ వేసింది.

బావగారు సిరా ఆరడానికి కాగితాన్ని ఫ్యాను కింద పట్టుకుని ఊపాడు. ఊపుతుండగానే తలుపు చప్పుడైంది.

గోడ గడియారంలో మూడు కావడానికింకా పది నిమిషాలున్నాయి.

అమీనా బక్కపలచటి మనిషి. చెప్పులు బయటే విడిచి, సంచీ చంకలో పెట్టుకుని, ఎవరింటికో పెళ్ళిచూపులకొచ్చినవాడిలా ఒదిగి నిలబడ్డాడు. “కాస్త మంచినీళ్ళిస్తారా అమ్మా? ఎండ చంపేస్తోంది.” అరిచేవాడైతే ఇంత భయమేసేది కాదేమో. తడిసిన కాగితం మూలను అతను చూశాడు. చూసీ చూడనట్టు కళ్ళు తిప్పుకున్నాడు.

“నాకు ఆ కోర్టు తెలీదు, ఆ కేసూ తెలీదు,” అన్నాడు నీళ్ళు తాగి. “మా జడ్జిగారు చెయ్యమన్నది చేసి పోతాను. కోపం పెట్టుకోకండి. రండి పెద్దాయనా, టేపు ఆ కొస పట్టుకోండి.”

అతని వెనక నుంచి గొడుగు మూస్తూ ఒక ముసలాయన గడప దాటాడు.

పళ్ళక్క చేతిలోని గ్లాసు జారబోయి ఆగింది.

గొడుగు బాబాయి.

రెండు నెలల కిందట పై పళ్ళసెట్టు కావాలని వచ్చిన మనిషి. మాట తీరు కొంచెం వేరుగా ఉంటే, చుట్టాలింటికొచ్చాను తల్లీ అన్నాడు. కొలత కోసం ఒకసారి, మైనం అచ్చు నోట్లో పెట్టి చూడ్డానికి ఒకసారి, ఎడమపక్క ఒరుసుకుంటోందని రెండుసార్లు వచ్చాడు. అదే స్టూలు మీద కూర్చునేవాడు. నోరు పెద్దగా తెరిచి పట్టుకోలేక ఆయన ఆయాసపడుతుంటే ఆమెకు పోయిన తండ్రి గుర్తొచ్చేవాడు. ఇల్లు బావుందమ్మా, అద్దెదా అన్నాడు ఒకసారి. సొంతమే బాబాయిగారూ, మా ఆయన పేరునే ఉంది, ఒక్క రూపాయి అప్పు లేదు అని గొప్పగా చెప్పింది. ఎప్పుడు కొన్నారంటే చెప్పింది. పక్కన ఖాళీ స్థలం ఎవరిదంటే అదీ చెప్పింది.

ఎదురింటావిడ కాదు. అత్తగారు కాదు. తనే.

“బావున్నావా తల్లీ?” అన్నాడు ముసలాయన. ఆమె చేసిన పళ్ళే ఆ నోట్లో తెల్లగా మెరిశాయి.

“మీరు...” అంది.

“ఆ అమ్మాయి తండ్రిని.” ఆయన ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. “పళ్ళు నిజంగానే కావలసి వచ్చాయమ్మా. అది మాత్రం అబద్ధం కాదు.”

బావగారు ఒక్క అంగలో ముందుకొచ్చాడు. “ఓహో, నోరు తెరిచి చూపించడానికొచ్చి, ఇంట్లోవాళ్ళ నోట్లోంచి కూపీలు లాక్కెళ్ళారా? పెద్దమనిషి తరహాయేనా?”

“కాదు,” అన్నాడు ముసలాయన. “కాదు బాబూ. అయిదేళ్ళ నుంచి ఈయన అక్కడి పాత చిరునామాకు పెద్దమనిషి తరహాగా ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి ఈయన పాత భాగస్తుడే ఈ ఊరి పేరు చెప్పాడు.”

ఆయన కళ్ళు గదంతా తిరిగి, మోటారు పక్కన కూర్చున్న మనిషి మీద ఆగాయి. భర్త లేచి నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదటిసారని పళ్ళక్కకు తెలిసిపోయింది.

“మా అమ్మాయి బయట కార్లో ఉంది,” అన్నాడు ముసలాయన నెమ్మదిగా. “మెట్లున్నాయి కదా, లోపలికి రాలేదు. నేనూ వస్తానని పట్టుపట్టింది. ఎందుకే అంటే చెప్పదు.”

“నేను ఒకసారి...” అన్నాడు భర్త.

“కూర్చోరా!” బావగారు కసిరాడు. “ఒక్క మాట మాట్లాడావంటే అదే సాక్ష్యమైపోతుంది.”

భర్త కూర్చున్నాడు.

అమీనా టేపు లాగాడు. “ముందుగది. పది, పన్నెండు. ఈ మిషన్లు ఎవరివమ్మా?”

“నావి.”

“వాటి జోలికి రాను. ఇల్లొక్కటే.”

ముసలాయన టేపు కొస పట్టుకుని గోడవారగా జరుగుతుంటే ఆయన మోచెయ్యి అల్మారాకి తగిలింది. “అచ్చులు జాగ్రత్త బాబాయిగారూ!” అనేసింది పళ్ళక్క, అలవాటు కొద్దీ. అని నాలిక్కరుచుకుంది. ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకుని, “అలాగే తల్లీ,” అన్నాడు.

పడకగది కొలిచారు. వంటిల్లు కొలిచారు. అమీనా ఒక్కో అంకె పైకి చదువుతూ రాసుకుంటుంటే, ఇల్లు ఒక్కో గదిగా చేతుల్లోంచి జారిపోతున్నట్టనిపించింది ఆమెకు. పాప మంచం పక్కన గోడ మీద పెన్సిలు గీతలున్నాయి, ఏ పుట్టినరోజుకు ఎంత పొడుగయిందో. అమీనా ఆ గీతల మీదుగానే టేపు పరిచాడు.

పెరటి కొలతలు ముగించుకుని అందరూ తిరిగి ముందుగదిలోకొచ్చేసరికి భర్త అక్కడ లేడు.

కిటికీలోంచి చూసింది. వీధి మలుపులో, నీడ పట్టున తెల్ల కారు ఆగి ఉంది. భర్త దాని వెనక కిటికీ దగ్గర నడుం వంచి నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, మేష్టారు పిలిపించిన పిల్లాడిలా. లోపలున్న మనిషి కనిపించడం లేదు. కిటికీ అద్దం మీద ఒక చెయ్యి మాత్రం ఆనుకుని ఉంది. సన్నటి చెయ్యి, గడియారం పెట్టుకుని ఉంది.

“ఇంటి మీద ఇంకెవరికైనా హక్కు ఉందని చెప్పదలుచుకున్నారా?” అన్నాడు అమీనా. “ఉంటే క్లెయిము కోర్టులో వేసుకోవాలి. నేను మాత్రం నా రిపోర్టులో ఒక ముక్క రాస్తాను.”

“ఉంది,” అన్నాడు బావగారు. కాగితం బయటికి తీశాడు.

అమీనా చదివాడు. వెలుతురుకి పట్టుకుని మళ్ళీ చదివాడు. తొందరపడలేదు.

“ఇది మీ సంతకమేనా అమ్మా?”

“నాదే.”

“తేదీ?”

“ఆవిడే వేసింది,” అన్నాడు బావగారు.

“ఆవిణ్ణి చెప్పనివ్వండి.” అమీనా గొంతు అప్పుడూ పెరగలేదు. “నేను జడ్జిని కాదమ్మా. మీరేం చెబితే అదే రాసుకుంటాను. ఈ సంతకం మీరెప్పుడు పెట్టారు?”

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది.

పళ్ళక్క ముసలాయనవైపు చూసింది. ఇల్లు మా ఆయన పేరునే ఉందని తను రెండు నెలల కిందట ఇదే గదిలో ఆయనతో అంది. ఆయన ఇప్పుడే ఆ మాట బయటపెట్టొచ్చు. పెట్టలేదు. దవడ ఎడమపక్కకు కొంచెం తిప్పి, నాలుకతో పళ్ళసెట్టును పైకి నొక్కుకుంటున్నాడు. ఇంకా ఒరుసుకుంటోందన్నమాట. రెండుసార్లు అరగదీసినా సరిపోలేదు.

చూడకుండానే చూశానని సంతకం పెట్టిన మనిషి బయట ఎండలో వంగి నిలబడి ఉన్నాడు. పెట్టనప్పుడే పెట్టానని చెప్పాల్సిన మనిషి తను.

“ఇవాళ,” అంది.

“అమ్మాయ్!”

“ఇవాళే పెట్టాను. ఇందాక, మీరు తలుపు తట్టేముందు.” స్టూలు పట్టుకుంది. “ఇల్లు నా కష్టంతో కొన్నదే. అది నిజం. తేదీ నిజం కాదు.”

బావగారి మొహాన నెత్తురు చుక్క లేదు. ఆ కాగితం మీద రాత ఆయనది. తెచ్చిన పేపరు ఆయనది. “ఎంత పని చేశావమ్మా,” అన్నాడు.

అత్తగారు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

అమీనా పెన్ను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. రాయడం లేదు. “అమ్మా, ఇది రాశానంటే ఇక నా చేతుల్లో ఉండదు. ముగ్గురు నలుగురి మెడకు చుట్టుకుంటుంది. బాగా ఆలోచించుకుని చెప్పండి. రాసుకోమంటారా?”

ఆమె నోరు తెరిచింది.

బయట కారు స్టార్టయింది.

ముసలాయన చటుక్కున కిటికీవైపు తిరిగాడు. తెల్ల కారు నీడలోంచి ఎండలోకి జరిగింది. దాని పక్కన ఎవరూ నిలబడి లేరు. వెనక సీట్లో ఇప్పుడు రెండు తలలు కనిపిస్తున్నాయి. ఒకటి పళ్ళక్క భర్తది. వెనక్కి తిరగలేదు. కారు వీధి చివర మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

“ఆగు! ఆగవయ్యా డ్రైవరూ!” ముసలాయన గొడుగు అక్కడే వదిలేసి మెట్లదాకా పరిగెత్తాడు. వీధిలో దుమ్ము తప్ప ఏమీ లేదు. ఎదురింటి దుప్పటి వెనక తలలు ఈసారి దాక్కోలేదు.

“ఎక్కడికి తీసుకెళ్ళమన్నారు మీరు?” పళ్ళక్క ఆయన వెనకే వచ్చి చెయ్యి పట్టుకుంది.

“నేను చెప్పలేదు తల్లీ. నా మీద ఒట్టు, నేను చెప్పలేదు. చూసి రెండు మాటలడుగుతుందేమో అనుకున్నాను.”

ఆమె భర్త ఫోనుకు కలిపింది. ముందుగదిలో, విప్పిన మోటారు పక్కన, నేలమీద అది మోగింది. మోగి మోగి ఆగింది.

“మీ అమ్మాయికి చెయ్యండి.”

ముసలాయన నంబరు నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. తీసి చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. “కట్టేసింది.”

“బాబాయిగారూ, నిజం చెప్పండి. మీ అమ్మాయి ఎందుకొచ్చింది ఇంత దూరం?”

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. నోట్లో పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే చేత్తో దవడ పట్టుకున్నాడు. తలుపు మీద ఊడిన మూల గాలికి ఆయన నెత్తిమీద రెపరెపలాడుతోంది.

“డబ్బు నాకు కావాలమ్మా, దాని వైద్యానికి. అది మాత్రం అందుకు రాలేదు,” అన్నాడు. “పొద్దున స్టేషన్లో కారెక్కగానే డ్రైవర్ని అడిగింది. ఈ ఊళ్ళో లిఫ్టున్న ఎత్తయిన మేడ ఏదీ అని. ఏదో ఊసుపోక అడుగుతోందనుకున్నాను.”